‘బీ’ మింగేసిన ఊరు

నేను చేసిన ఉద్యోగం ఒకటే: పరిగెత్తుకుంటూ వచ్చే మనిషిని పట్టుకుని నేల మీద పడేయడం. ఈ పనికి బొంబాయిలో ఒక క్లబ్బు నాకు నెలనెలా జీతమిచ్చింది, పూటకు అరడజను గుడ్లు పెట్టింది, మోకాళ్ళకు మందు రాయించింది. మిగతా ప్రపంచమంతా దీన్ని రగ్బీ అంటుంది. ఎమ్మిగనూరు మాత్రం రగ్గు అంది.

ఇందులో నా తప్పేమీ లేదు. నేను ఎప్పుడూ స్పష్టంగా, గొంతెత్తి, రెండు అక్షరాలూ పలికాను. అయితే నేను పలికింది మా మామ వాళ్ళ వీధిలో. అది మగ్గాల వీధి. పొద్దున టీ నీళ్ళు కాగకముందు మొదలైన టకటక పొద్దుగూకితే గాని ఆగదు. ఆ వీధిలో మాట్లాడే ప్రతి మాటలోనూ మొదటి సగం మనిషికి చేరుతుంది, చివరి సగం మగ్గం తీసుకుంటుంది. పెళ్ళి కుదిరిందంటే పెళ్ళి వరకే వినిపించి, ఆగిపోయిందేమోనని ఏడ్చినవాళ్ళు ఆ వీధిలో ఉన్నారు. అలాగే నా ఉద్యోగంలోని ‘బీ’ని మగ్గాలు మింగేశాయి. మిగిలిన ముక్క బట్ట నేసి బతికేవాళ్ళకు బాగా తెలిసిన మాటే అయింది.

“ఓహో, రగ్గుల కంపెనీలోనా! బొంబాయిలోనా! మంచిదే లేప్పా,” అన్నారు.

ఆటేమిటో మీకైనా సరిగ్గా చెప్పుకోనివ్వండి. జట్టుకు పదిహేనుమంది. బంతి బాగా పండిన బొప్పాయి ఆకారంలో ఉంటుంది, నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దాన్ని కుట్టినవాడికి కూడా తెలియదు. దాన్ని చంకలో పెట్టుకుని ఎదుటివాళ్ళ గీత దాటాలి. చేత్తో విసరాలంటే వెనక ఉన్నవాడికే విసరాలి, ముందుకు విసరకూడదు. ముందుకు పోవాల్సిన ఆటలో బంతిని వెనక్కి ఇవ్వడమేమిటని మీరు అడగొచ్చు. మా అమ్మ అడిగింది. నేను ఇంకో ముద్ద అన్నం కలుపుకున్నాను. నా స్థానం మొదటి వరసలో. రెండు జట్ల మొదటి వరసలూ వంగి, తలలు ఒకరి సందులో ఒకరు దూర్చి, దున్నపోతుల్లా తోసుకుంటాయి. నా చెవులు ఆ తోపుడులో నలిగీ నలిగీ రెండు మిరపకాయ బజ్జీల్లాగా తయారయ్యాయి. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమైతే నా మెడ గురించి చెప్పేవాణ్ణి. నా మెడకు సరిపోయే చొక్కా కాలరు ఆదోని, గుంతకల్లు, బళ్ళారి మూడూళ్ళలోనూ దొరకలేదు.

మాది నందవరం పక్కన ఒక పల్లె. వానొస్తే పంట, లేకుంటే పక్కూళ్ళలో కూలి. హైస్కూలు చదువుకు నన్ను ఎమ్మిగనూరులో మా మేనమామ ఇంట్లో పెట్టారు. అన్నం పెట్టి పెంచింది ఆయనే, తర్వాత తన కూతురినిచ్చింది కూడా ఆయనే. కాబట్టి ఈ భూమ్మీద నేను ఎదురు మాట్లాడలేని మనిషి ఆయన ఒక్కడే. నూటముప్పై కిలోల మనిషి నా మీదికి వస్తుంటే నవ్వగలను. నలభై ఎనిమిది కిలోల మా మామ పై కండువా విదిలించాడంటే చేతులు కట్టుకుని నిలబడతాను.

ఆదోనిలో కాలేజీ చదివేటప్పుడు చెడుగుడు ఆడేవాణ్ణి. మా వ్యాయామం సారు ఎక్కడినుంచో ఆ బొప్పాయి బంతి పట్టుకొచ్చి, “చెడుగుడులో పట్టేదే, దీంట్లోనూ పట్టాల. కాకుంటే వీళ్ళు కూత కూయరు, ఊపిరి పీల్చుకోవచ్చు,” అన్నాడు. ఊపిరి పీల్చుకోవచ్చన్న ఆ ఒక్క సౌకర్యం చూసే నేను ఒప్పుకున్నాను. మొదటి ఆటలో నన్ను ఎవరో పట్టి పడేశారు. నేను లేచి, నిక్కరు దులుపుకుని, మర్యాదగా గ్రౌండు బయటికి పోయి కూర్చున్నాను. ఔటయ్యాను కదా! మావాళ్ళు అవతలివాళ్ళలో ఒకణ్ణి పట్టుకుంటే నన్ను మళ్ళీ లోపలికి పిలుస్తారని ఎదురుచూస్తున్నాను. సారు పరిగెత్తుకుంటూ వచ్చి, “ఈ ఆటలో సచ్చేది ఉండదురా, లెయ్!” అని అరిచాడు. చావు లేని ఆట! అక్కడినుంచి నన్ను ఎవరూ ఆపలేదు. హైదరాబాదు, పుణె, ఆ తర్వాత బొంబాయి. అక్కడి సముద్రపు గాలి నాకు కొంచెం పడలేదు గాని, నేను ఆ ఊరికి బాగానే పడ్డాను.

బొంబాయి నుంచి ఆదోనికి వచ్చే రైలు షోలాపూర్ మీదుగా వస్తుంది. షోలాపూర్ స్టేషన్లో దుప్పట్లు, రగ్గులు అమ్ముతారు. ఇది రైల్వేవాళ్ళు నా మీద పన్నిన కుట్ర అని ఇప్పటికీ నా నమ్మకం. ఊరికి బయల్దేరేముందే ఫోన్లు వచ్చేవి. “అన్నా, మీ కంపెనీ రగ్గు ఒకటి ఎత్తుకొనిరా, సలికాలం వస్తాంది.” “అన్నా, నాది రగ్గుల కంపెనీ కాదు, రగ్బీ,” అని నేను. “ఆఁ అదే, అదే. పెద్ద సైజుది.” అడిగినవాళ్ళకు లేదనడం మా వంశంలో లేదు. షోలాపూర్లో దిగి కొనేవాణ్ణి. రైలు దిగేటప్పటికి నా భుజం మీద అంత ఎత్తున మూట. ఆ మూటతో ఎమ్మిగనూరు బస్టాండులో దిగే మనిషి, నాది రగ్గుల కంపెనీ కాదు మొర్రో అంటే ఎవరు నమ్ముతారు?

మా మామకు ఈ రగ్గులంటే ఒళ్ళుమంట. తెచ్చిన ప్రతిదాన్నీ రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పడేసేవాడు.

“మిల్లు సరుకు,” అనేవాడు. ‘కుక్క ముట్టింది’ అన్న గొంతుతో.

“మామా, నేను ఆడేది…”

“ఆడేదీ పాడేదీ నాకు సెప్పాకు. మగ్గం కొంపలో పెరిగి మిల్లు రగ్గులు అమ్ముతాండావు. నలుగురు అడిగితే నేనేమని సెప్పాలరా?”

ఒకసారి ధైర్యం చేసి ఫోనులో మా మ్యాచి పెట్టి చూపించాను. నా మీద పదిమంది పడి, కింద ఉన్న బంతి కోసం తోసుకుంటున్న ఘట్టం. నా వృత్తి జీవితంలో అంత అందమైన ఘట్టం ఇంకొకటి లేదు. మామ కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“సేలు పెట్టినారా?” అన్నాడు చివరికి.

“సేలేంది మామా?”

“తగ్గింపు ధర. ఒక్క రగ్గు కోసరం ఇంతమంది మీద పడి సస్తాండారే! బొంబాయోళ్ళకు ఇంత సలినా?”

పక్కనే కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్న నా భార్య చేట ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు మొదటినుంచీ అన్నీ తెలుసు. బొంబాయిలో నా మ్యాచిలు చూసింది, నాకంటే బాగా నియమాలు నేర్చుకుంది, రెఫరీని తిట్టడంలో మా జట్టుకే పేరు తెచ్చింది. నాయనకు విడమరచి చెప్పొచ్చు కదా అంటే, “నేను సెప్పినా బావా. ఆయప్పకు రగ్గు అనే ఇనపడింది. మల్ల సెప్తే సెవుడు అన్నావంటాడు. నీ మామ, నీ రగ్గు, మీరే సూసుకోండి,” అంది.

ఇంతలో నా కుడి భుజం కీలు తప్పింది. నాగపూర్ నుంచి వచ్చిన జట్టులో ఒకడు. అతన్ని మనిషి అనడం వ్యాకరణం కోసమే, నిజానికి అతను చక్రాలు లేని లారీ. అతన్ని ఆపాను. ఆగాడు. నా భుజం మాత్రం ఆగలేదు, కొంచెం వెనక్కి పోయింది. డాక్టర్లు దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టి, చేతిని మెడకు కట్టి, విశ్రాంతి తీసుకొమ్మని ఊరికి పంపారు. అప్పటికి నాకు ముప్పై మూడేళ్ళు. క్లబ్బుతో ఒప్పందం ఆ సీజనుతో అయిపోయింది. మళ్ళీ రాస్తారో లేదో భుజాన్ని బట్టి ఉంటుందన్నారు.

నాలో ఇంకా ఆట ఉందని నాకు తెలుసు. ముందు వరస వాళ్ళం మిగతావాళ్ళ మాదిరి పాతికేళ్ళకే పండి రాలిపోం, మేము చింతపండు జాతి, పాతబడేకొద్దీ పులుపు ఎక్కువ. ఒక్క సీజను, ఇంకొక్క సీజను కావాలి నాకు. బాగా ఆడి, నేనే చాలనుకుని మానుకోవాలి. చేయి మెడకు కట్టించుకుని, ఊళ్ళో అందరూ రగ్గుల మూట మీదపడిందట అని జాలిపడుతుండగా మానుకోవడం కాదు.

అవును, అలాగే అన్నారు. మూట మీదపడిందట అని. మామ నా చేయి చూసి, కండువా విదిలించి, తీర్పు చెప్పాడు.

“మల్ల ఆ కంపెనీ గడప తొక్కేది లేదు. బొంబాయి వద్దు, ఏమొద్దు. ఇంకో మగ్గం ఏపిస్తా. కూసో, నెయ్యి.”

కట్టు విప్పిన వారానికి నన్ను మగ్గంలో కూర్చోబెట్టాడు. మాది గుంత మగ్గం. మగ్గం నేల మీద, కాళ్ళు గుంతలో, అడుగున పలకలు తొక్కుతూ, పైన తాడు లాగితే దారపు కండె మోసే నాడె ఇటునుంచి అటు పరిగెత్తుతుంది. మనుషుల కోసం తవ్విన గుంత అది. నేను దిగాను. దిగడం బాగానే దిగాను. తొడలు అంచుకు పట్టేశాయి. మొదటిసారి తాడు లాగితే నాడె నాలుగిళ్ళ అవతల పడిందని మా వీధిలో చెప్పుకుంటారు గాని, అది అతిశయోక్తి. పడింది రెండిళ్ళ అవతలే. దారాలు తెగిన చప్పుడు మాత్రం నిజంగానే వీణ తెగినట్టుంది. బయటికి లాగడానికి నలుగురు వచ్చారు. అందులో ఒకాయన, “కొబ్బరినూనె పూస్తే జారతాడేమో సూడండప్పా,” అన్నాడు.

నా భార్య ఆ సాయంత్రం నాతో, “బావా, నిన్ను ఆ గుంతలో సూల్లేక సస్తాండా. నువ్వు బిన్నా, రేపో మాపో, బొంబాయికి పో. లేకుంటే మా నాయన మగ్గం ఉండదు, నువ్వూ ఉండవు,” అంది.

పోవాలంటే రెండు అడ్డంకులు. భుజం బాగుందని క్లబ్బు నమ్మాలి. పొమ్మని మామ అనాలి. మొదటిది కాకుంటే రెండోది అక్కర్లేదు, రెండోది కాకుంటే మొదటిది దండగ.

ఆ వారమే కోచ్ ఫోను చేశాడు. బెంగళూరుకు రైల్లో పోతున్నాడట, దారిలో ఆదోనిలో దిగి నా భుజం చూసి పోతానన్నాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పాను. మామ కళ్ళు చిన్నవి చేశాడు.

“ఓనరు వస్తాండాడా? రానీ. నేనూ మాట్లాడేది ఉంది.”

“ఓనరు కాదు మామా, కోచ్.”

“ఏ కోచ్‌లో వస్తే ఏమి, దిగుతాడు గదా!”

మా కోచ్ ఫిజీ దీవుల మనిషి. ఆదోని స్టేషన్లో ఆయన రైలు దిగితే బోగీ ఒక జానెడు పైకి లేచింది. నేను కళ్ళారా చూశాను. ప్లాట్‌ఫారం మీద టీలమ్మే ఆయన గ్లాసులో టీ పోస్తూ పోస్తూ, గ్లాసు నిండిపోయిన తర్వాత కూడా పోస్తూనే ఉన్నాడు. ఆటోలో ఆయన వెనక సీట్లో, నేను డ్రైవరు పక్కన. బస్టాండు దాకా ఆటో ముందు చక్రం నేలకు ఆనీ ఆనకుండా వచ్చింది. ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు ఆయన్ని రెండు టిక్కెట్లు తీసుకోమనాలా వద్దా అని అరగంట మథనపడి, చివరికి ధైర్యం చాలక ఒకటే కొట్టాడు.

ఇంట్లో మామ తాను నేసిన కొత్త దుప్పటి మంచం మీద పరిచి కూర్చోబెట్టాడు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. మొదటి బజ్జీ కొరికినప్పుడు కోచ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా పళ్ళెం ఖాళీ అయ్యేదాకా మనిషి వెనక్కి తగ్గలేదు. ఫిజీలో చెరకు తోటల పనికి పోయిన మనవాళ్ళ సంతతి ఉంది గనక ఆయనకు ఒక రకం హిందీ వచ్చు. సంతలో బేరాలాడి నేర్చుకున్న ఒక రకం ఉర్దూ మామకు వచ్చు. ఈ రెండు రకాలకూ ఎక్కడా చుట్టరికం లేదు. రెండు వాక్యాల తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను దుబాసీనయ్యాను.

“సాబుకు కోపం సేసుకోవద్దని సెప్పు,” అన్నాడు మామ. “మా అల్లుని మీద ఎంత బరువేసినారో అడుగు.”

అడిగాను. కోచ్ కాసేపు ఆలోచించి, నూటముప్పై కిలోలు ఉంటుందన్నాడు.

“నూటముప్పై కిలోలంట మామా.”

“ఒక్కటేనా?”

ఇంగ్లీషులో మనిషికైనా మూటకైనా ‘వన్’ అంటే సరిపోతుంది. కోచ్ ఒక వేలు చూపించి, ఒకటే గాని పరిగెత్తుకుంటూ వచ్చిందన్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“పరిగెత్తుకుంటా వచ్చిందా!” మామ లేచి నిలబడ్డాడు. “మూటా?”

“లారీలోనుంచి జారింటాది నాయనా,” అంది నా భార్య గంభీరంగా, నీళ్ళ చెంబు అందిస్తూ.

“వాళ్ళ కాడ మనుషులు తప్పుకోరా?”

ఇది కూడా అడిగాను. తప్పుకుంటే ఉద్యోగం పోతుందన్నాడు కోచ్, చిరునవ్వుతో. ఆ మాట చెప్పేసరికి మామ ముఖం ఎర్రబడింది. “పంపను. ఇదే సివరి మాట. ఈడ మగ్గం ఉంది, మెతుకు ఉంది. సెప్పు ఆయప్పకు,” అన్నాడు.

చెప్పాను. కోచ్‌కు మగ్గం అంటే ఏమిటో తెలియదు, చూపించమన్నాడు. మామ చూపించాడు. కోచ్ ఆ తాడు పట్టుకుని మెల్లగా రెండుమూడుసార్లు లాగి, తన కుడి భుజం తడిమి చూసుకుని, ఇది భుజానికి చాలా మంచిదని మెచ్చుకున్నాడు. మామ మొదటిసారి ఆయన్ని మనిషిగా చూశాడు. “మిల్లోడైనా మగ్గం ఇలువ తెలిసినోడు,” అన్నాడు నాతో. నిర్ణయం మాత్రం మారలేదు.

సాయంత్రం కోచ్, నేను హైస్కూలు గ్రౌండుకు పోయాం. దారిలో ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. నీ స్థానంలో ఇంకొకణ్ణి చూసి పెట్టాను, కుర్రవాడు, బాగున్నాడు. అయినా నీ మీద నాకు ఇష్టం. భుజం నిలబడితే ఈ సీజను నీది. లేకపోతే ఇక్కడే చేయి కలిపి విడిపోదాం.

మడమతో నేల మీద గీత గీశాడు. బంతి చంకలో పెట్టుకుని, గ్రౌండు అవతలి చివరికి నడిచాడు. తాను పరిగెత్తుకుంటూ వస్తాడు, నేను గీత దాటనివ్వకూడదు, కుడి భుజంతోనే ఆపాలి. అంతే పరీక్ష.

మొదటిసారి వచ్చాడు. నేను ఆపాను, కింద పడేశాను కూడా. లేచి, దుమ్ము దులుపుకుని, “ఎడమ భుజం చూడ్డానికి నేను ఇంత దూరం రాలేదు,” అన్నాడు.

చివరి క్షణంలో నేను పక్కకు తిరిగిపోయాను. నాకు తెలియకుండానే తిరిగాను. ఒళ్ళు తనంతట తాను నిర్ణయించుకుంది.

రెండోసారి వచ్చాడు. ఈసారి నేను తిరగలేదు. తిరగకుండా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన గీత అవతల ఉన్నాడు, నేను ఆకాశం వైపు ఉన్నాను. ఆయన నాకు చేయి అందించి లేపాడు. గడియారం చూసుకున్నాడు. “ఇంకొక్కసారి. తర్వాత నా రైలు,” అన్నాడు.

నేను జీవితంలో భయపడ్డ సందర్భాలు చాలా తక్కువ. మొత్తం అన్నీ కలిపి ఆ రెండు నిమిషాల్లోనే జరిగాయి. భుజం ఊడుతుందని కాదు. ఊడితే మళ్ళీ పెడతారు. ముందు వరస మనిషి అన్నవాడు పక్కకు తిరగడం మొదలుపెడితే, ఇక ఆ ఒళ్ళు ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అలాంటివాళ్ళను నేను చూశాను. వాళ్ళు ఇప్పుడు చాలా చక్కగా, ఏ దెబ్బలూ లేకుండా, ఎక్కడో కూర్చుని ఉన్నారు. నాకు అలా కూర్చోవాలని లేదు. ఎర్రమట్టి కొంచెం తీసి కుడి భుజానికి రుద్దుకున్నాను. చెడుగుడు రోజుల్లో పట్టు జారకుండా రుద్దుకునేవాళ్ళం. భుజానికి రుద్దితే ఏమొస్తుందో తెలియదు, చేతులకు ఏదో ఒక పని కావాలి.

సరిగ్గా అప్పుడే, నాకు కనిపించని వైపు, గేటు దగ్గరికి మా మామ వచ్చాడు, వెనకాల ఆయన కూతురు. ఓనరు తన మగ్గాన్ని మెచ్చుకున్నాడు గనక ఆయనకు ఇవ్వాలని ఒక దుప్పటి మడిచి చంకన పెట్టుకొచ్చాడు. గేటులోనుంచి ఆయన చూసిన దృశ్యం ఇది: రగ్గుల కంపెనీ ఓనరు, ఆంబోతులా, తల వంచుకుని, చేయి బాగులేని తన అల్లుడి మీదికి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు.

కోచ్ వచ్చాడు. నేను తిరగలేదు. కళ్ళు మూసుకోలేదు. కుడి భుజం ఆయన నడుములో గుచ్చుకుంది, లోపల ఎక్కడో కీలు ‘ఊఁ’ అంది, అని ఊరుకుంది. పట్టుకున్నాను. ఆయన ఆగలేదు. నన్ను ఈడ్చుకుంటూ గీత వైపు జరుగుతున్నాడు, జానెడు, మూరెడు. నా కాళ్ళు మట్టిలో చాళ్ళు దున్నుతున్నాయి. ఆ చాళ్ళలో ఆ తర్వాత వాన పడితే వేరుశనగ వేసుకోవచ్చు. అంత లోతు దిగాయి.

“వదలొద్దురా!”

ఆ అరుపు ఎవరిదో అర్థమయ్యేలోగా పక్కనుంచి ఒక తెల్లటిది గాలిలో ఎగిరి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మా మామ, పంచె ఎగగట్టి, అడ్డంగా దూకి, కోచ్ ఎడమ కాలి మడమ మీద రెండు చేతులూ వేసి తాళం పెట్టినట్టు పట్టేశాడు. నా ప్రాణం కాపాడదామనే గేటు దగ్గర బయల్దేరాడు. గీత, పట్టు, పరుగు కళ్ళబడ్డాయో ఏమో, మధ్యదారిలో సంగతే మర్చిపోయాడు.

“నడుం ఇడువొద్దు! గీత ముట్టనీకు! నేను కాలు పట్టినా!”

కోచ్ పడ్డాడు. ఎమ్మిగనూరులో ఆ సాయంత్రం కొంచెం భూమి కంపించిందని కొందరు అన్నారు, నేను ఖండించలేదు. దుమ్ము తగ్గేసరికి ఆయన వెల్లకిలా పడుకుని నవ్వుతున్నాడు. పెద్ద పొట్ట ఎగిరెగిరి పడుతోంది. మామ ఇంకా మడమ వదల్లేదు.

కోచ్ లేచి కూర్చుని, నా కుడి చేయి పట్టుకుని పైకెత్తి, తిప్పి, భుజం కీలు మీద బొటనవేలితో నొక్కి చూశాడు. నొప్పి పెట్టింది, ముఖంలో చూపించలేదు. పెద్దాయన వచ్చేదాకా నువ్వు పట్టే ఉన్నావు, అది చాలు, సీజనుకు రా అన్నాడు. ఆ తర్వాత మామ వైపు చూసి, ఈయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడని అడిగాడు.

“ఎవుడు నేర్పాల?” అన్నాడు మామ రొప్పుతూ. “నందవరం తిరునాళ్ళ చెడుగుడులో నన్ను దాటి గీత ముట్టినోడు లేడని సెప్పు.” అంతలో ఏదో తట్టినట్టు నా వైపు తిరిగాడు. “రేయ్. ఏంది ఇది?”

“ఇదే నా పని మామా.”

“ఏది?”

“వచ్చేటోన్ని పట్టి పడేసేది.”

“దీనికి దుడ్డిస్తారా?”

“ఇస్తారు.”

మామ తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. “నేను వయసంతా ఊరికే పట్టినానే!” అన్నాడు బాధగా. మళ్ళీ తలెత్తి, “మరి రగ్గులో?”

“రగ్గులు లేవు మామా. మొదటినుంచీ రగ్బీ అనే సెప్తాండాను. రగ్… బీ.”

“బీ గట్టిగా అనాల్సింది గదరా!”

“నేనూ సెప్పినా గదా నాయనా,” అంది నా భార్య, నేల మీద పడిన దుప్పటి తీసి దులుపుతూ.

“నువ్వు మీ బావ పక్కన సేరి బీ మింగినావు లే. నువ్వు మాట్లాడాకు.”

అప్పుడు ఆయన ముఖంలో నేను అంతవరకూ చూడని ఒక వెలుగు వచ్చింది. భుజాలు సర్దుకున్నాడు, కండువా నిదానంగా మెడ చుట్టూ వేసుకున్నాడు. “అంటే మిల్లు రగ్గులు అమ్మల్యా నువ్వు. ఒక్కటి గూడా?”

“ఒక్కటి గూడా అమ్మల్యా మామా.” ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. కొన్నాను గాని అమ్మలేదు.

“ఇన్నేండ్లూ వీధిలో తలెత్తుకోలేదురా నేను. నేసేటోని ఇంట్లో పెరిగి మిల్లోని కాడ చేరినాడని.” కోచ్ వైపు చూసి, నాతో అన్నాడు. “పంపుతానని సెప్పు సాబుకు. పట్టేదే పనైతే, పో. కానీ నీ పట్టు బాగల్యా. నడుం పడతావేందిరా, అంత లావు మనిషిది? నడుం పడితే నిన్నే ఈడ్సుకొని పోతాడు. ఇప్పుడు పోయినాడు గదా? కాలు పట్టాల, కాలు.”

రగ్బీలో కాళ్ళు పట్టే పని వేరేవాళ్ళదని, నాది ముందు వరస అని చెప్పబోయాను. కండువా కొస కొంచెం కదిలింది. అలాగే మామా అన్నాను.

కోచ్ ఆ దుప్పటి భుజాన వేసుకుని రైలెక్కాడు. మరుసటి రోజు పొద్దున నేను ముఖం కడుక్కుంటుండగా వీధిలో ఏదో లోటుగా అనిపించింది. టకటక లేదు. బయటికి వచ్చి చూస్తే మగ్గాలన్నీ వదిలేసి జనం అరుగుల మీద కూర్చుని ఉన్నారు. వీధి మధ్యలో మా మామ, పంచె గోచీ పెట్టి, అరచేతులకు మట్టి రుద్దుకుని, కొంచెం వంగి నిలబడ్డాడు. ఎదురుగా బొగ్గుతో గీసిన గీత.

“రా,” అన్నాడు. “ఆ సివర్నుంచి పరిగెత్తుకుంటా రా.”

“మామా, నేను నూటపదిహేను కిలోలు.”

“అందుకే మెల్లగా పడేస్తాలే. రా.”

పరిగెత్తాను. ఎలా పట్టాడో నాకు కనిపించలేదు. అరుగుల మీద జనం చప్పట్లు మాత్రం వినిపించాయి. లేచాను, మళ్ళీ పొమ్మన్నాడు, మళ్ళీ పరిగెత్తాను. ఆ సీజనులో నేను బాగా ఆడాను, తర్వాతి సీజను ఇంకా బాగా ఆడి, నేనే చాలనుకుని మానుకున్నాను. ఆ రెండు సీజన్లలోనూ దేశంలోని లావుపాటి మనుషులంతా కలిసి నన్ను పడేసినన్ని సార్లు, ఆ ఒక్క పొద్దున మా మామ పడేశాడు.